అమ్మమ్మ కళ్లు ఎక్కడికి పోయాయి?

ఈసారి ఉత్తరం ఒక డ్రాయింగు టీచరుది. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి కోస్తాలో ఒక చిన్న పట్టణం అనుకుందాం. ఏడు పేజీలు రాశారు, ఒక ఫోటో కూడా పంపారు. సంగతి క్లుప్తంగా ఇది.

ఆమెకు ముప్పయ్యారేళ్లు. ఫైన్ ఆర్ట్స్ చదివారు. హైదరాబాదులో కొన్నేళ్లు ఒక ప్రకటనల సంస్థలో పనిచేసి, బిడ్డ పుట్టాక అత్తగారి ఊరు వచ్చేశారు. రెండేళ్లుగా మేడమీది గదిలో శని, ఆదివారాల సాయంత్రాలు పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నారు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వయసున్న పిల్లలు పద్నాలుగు మంది. "రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన గుడిసె, కొబ్బరిచెట్టు. వచ్చినవాళ్లందరూ ఇదే వేస్తారు. చూసి చూసి విసుగొచ్చింది" అని రాశారు.

అందుకని దసరా సెలవులు అయ్యాక, కాలేజీ రోజుల నుంచి తనకు ప్రాణమైన ఇటలీ చిత్రకారుడు మోదిగ్లియానిని పిల్లలకు పరిచయం చేశారు. ఆరు బొమ్మల ప్రింట్లు గోడకు అంటించారు. ఆయన తాగుడు గురించి, పేదరికం గురించి, చిన్న వయసులో చావు గురించి కథ చెప్పారు. తరువాత బోర్డు మీద ఒక్కొక్క గీతా వేసి చూపించారు. ముందు కోడిగుడ్డు, దాని కింద పొడవాటి మెడ, కనుబొమ దగ్గర మొదలై ఒకే గీతలో కిందికి జారే ముక్కు, చిన్న నోరు, బాదంపప్పులాంటి కళ్లు. కళ్లలో పాపలు ఉండవు, ఒకే రంగు నింపాలి. తల కాస్త పక్కకు వాలాలి. ఇంట్లో ఎవరిదైనా ఫోటో తెచ్చుకుని ఇలా వేయండి అన్నారు. మూడు వారాల్లో ఆయిల్ పాస్టెల్స్‌తో పద్నాలుగు బొమ్మలు తయారయ్యాయి. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెడితే చప్పట్లే చప్పట్లు.

తరువాత కథ తిరగబడింది. పదేళ్ల పాప ఒకతె తన అమ్మమ్మ బొమ్మ వేసి, ఎంతో సంబరంగా తీసుకువెళ్లి చూపించింది. ఆ పెద్దావిడకు రెండు నెలల క్రితమే శుక్లాల ఆపరేషన్ అయింది, ఒక కన్ను ఇంకా కుదుటపడలేదు. బొమ్మ చూసి, "నా కళ్లు ఎక్కడికి పోయాయే? బతికుండగానే పీకేశావా?" అని ఏడ్చారట. పాప తల్లి ఆ బొమ్మను బీరువా వెనక్కి తోసింది. పాప రెండు వారాలుగా క్లాసుకు రావడం లేదు. ఇంకో పిల్లవాడి తండ్రి ఆ చిత్రకారుడెవరో చూద్దామని ఫోనులో వెతికితే బట్టల్లేని ఆడవాళ్ల బొమ్మలు వరసగా వచ్చాయి. "ఇలాంటివాణ్ణి మా పిల్లలకు చూపించడానికా ఫీజు కడుతున్నది?" అని గ్రూపులో పెట్టారు. ఇద్దరు పిల్లలను మానిపించారు. మరో తల్లి, మర్యాదగానే, "తప్పు మెడ, తప్పు కళ్లు అలవాటైతే రేపు పోటీల్లో ఎలాగండీ?" అని అడిగారు. ఈమె భర్తేమో, "నెమలీ తామరపువ్వూ నేర్పించుకోక నీకెందుకీ ఇటలీ గొడవ" అంటున్నారు. సంక్రాంతి సెలవుల్లో ఊరి గ్రంథాలయం హాలులో పిల్లల బొమ్మల ప్రదర్శన ఖాయమైపోయింది.

ఆమె అడిగినవి మూడు. అందరికీ క్షమాపణ చెప్పి ఈ పాఠం మానేయనా? విదేశీ చిత్రకారుణ్ణి తేవడమే తప్పయిందా? ఆ బొమ్మలు ప్రదర్శనలో పెట్టనా, వద్దా?

చివర సంతకం కింద ఇంకో నాలుగు వాక్యాలు ఉన్నాయి. "తొమ్మిదేళ్ల బాబు ఒకడు మెడ పొడుగ్గా వేయనన్నాడు. వాళ్ల నాన్నను మామూలుగానే, పెద్ద మీసంతో వేశాడు. అన్నీ ఒక వరసలో ఉండాలని నేనే ఆ పెన్సిల్ గీతలు చెరిపి, మెడ సాగదీసి, కళ్లు మార్చి ఇచ్చాను. అప్పటి నుంచి క్లాసులో పెద్దగా మాట్లాడడు, ఇది అంత ముఖ్యం కాదులెండి."

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫోటో మాత్రం చాలాసేపు చూశాను. మీకు వచ్చిన ఫిర్యాదులు దేనికవే వేరు. మీరు వాటన్నిటినీ ఒక మూట కట్టి, నేరమంతా ఆ ఇటలీ ఆయన మీద వేయవచ్చా అని అడుగుతున్నారు. ముందు ఆయన్ను వదిలేద్దాం. ఆయన మీ మేడ ఎక్కి రాలేదు.

తేలికైనది మొదట. గ్రూపులో కోప్పడిన తండ్రి మాటలో కొంత న్యాయం ఉంది. మోదిగ్లియాని ముఖాలతో పాటు నగ్నచిత్రాలు కూడా వేశారు, అవీ బాగా ప్రసిద్ధమైనవే. 1917 డిసెంబరులో పారిస్‌లో, బెర్త్ వైల్ అనే ఆవిడ గ్యాలరీలో ఆయన బతికుండగా జరిగిన ఒకే ఒక్క సొంత ప్రదర్శన మొదలైన రోజునే పోలీసులు వచ్చి వాటిని తీసేయమన్నారు. అంటే మీ గ్రూపులో లేచిన అభ్యంతరం వందేళ్ల నాటిది, అదీ పారిస్‌ది. వాటిలో ఒకటి 2015లో న్యూయార్కు వేలంలో 17 కోట్ల డాలర్లకు పైగా పలికి పత్రికలకు ఎక్కింది. ఇక ఫోనులో పేరు కొట్టినవాళ్లకు ముందుగా అవే ఎదురుకావడంలో వింత లేదు. పిల్లలకు ఒక పేరు చెప్పామంటే వాళ్లు ఇంటికి వెళ్లి వెతుకుతారు. ఆ సంగతి ముందే తల్లిదండ్రులకు చెప్పి ఉండవలసింది.

ఇప్పుడు మీరు గ్రూపులో కళ గురించి, నగ్నత్వం గురించి ఒక వ్యాసం రాయవచ్చు. వాదన మీదే నెగ్గవచ్చు, ఆ నెగ్గడంలో ఇంకో ఇద్దరు పిల్లలు పోవచ్చు. లేదా ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. అప్పుడు మీరు ఏదో దాచారన్న అనుమానం మిగిలిపోతుంది. లేదా ఆ తండ్రికి విడిగా ఫోను చేసి, "ముందే చెప్పవలసింది, చెప్పలేదు. ఇకమీదట ఏ చిత్రకారుణ్ణి తీసుకున్నా, క్లాసులో చూపించే బొమ్మలేవో ముందు మీ అందరికీ పంపుతాను" అనవచ్చు. నేనైతే ఫోను చేస్తాను. పిల్లవాణ్ణి తిరిగి పంపుతారన్న హామీ ఏమీ లేదు. అయినా ఆ మాట చెప్పవలసిందే.

ఆ తాగుడు కథ సంగతి కూడా ఇక్కడే అనేస్తాను. మోదిగ్లియాని 1920 జనవరి 24న, ముప్పై అయిదేళ్ల వయసులో క్షయతో పోయారు. నిండు గర్భిణి అయిన ఆయన సహచరి జాన్ ఎబ్యుటెర్న్ ఆ వెంటనే ఆత్మహత్య చేసుకుంది. పదేళ్ల పిల్లలకు చెప్పే కథ కాదది. చెప్పకపోతే బొమ్మకు వచ్చే లోటు కూడా ఏమీ లేదు.

పోటీల గురించి అడిగిన తల్లికి ఇటలీ దాకా వెళ్లకుండానే జవాబు చెప్పవచ్చు. మన ఇళ్లలో పిల్ల అందంగా ఉంటే "బాపు బొమ్మలా ఉంది" అంటాం. బాపు గీసినంత కళ్లు, అంత జడ, అంత సన్నని నడుము ఉన్న ఆడపిల్లను ఆ తల్లి ఎక్కడైనా చూశారేమో అడగండి. తెలుగువాళ్లెవరూ అవి తప్పు కళ్లు అనరు. గీతలో ఎక్కువచేయడం, తక్కువచేయడం మనకు కొత్త కాదు. ఈ ఎక్కువచేయడం కొత్త, అంతే.

అయితే ఆవిడ మాటను పూర్తిగా కొట్టిపారేయకండి. మోదిగ్లియాని పద్నాలుగేళ్లకే సొంత ఊరు లివోర్నోలో మికేలీ అనే చిత్రకారుడి దగ్గర కూర్చుని, ఉన్నది ఉన్నట్టు వేయడం నేర్చుకున్నారు. మెడ ఎంత ఉంటుందో చేతికి తెలిసిన తరువాతే దాన్ని సాగదీశారు. మీ పిల్లల్లో ఎంతమందికి కళ్లు తలకు సరిగ్గా మధ్యలో ఉంటాయని తెలుసు? ఆ వయసువాళ్లు కళ్లను నుదుటి మీద పెడతారు, జుట్టు కింద కూడా పుర్రె ఉంటుందని వాళ్లకు తట్టదు. అద్దం ఇచ్చి, నడినెత్తి నుంచి గడ్డం దాకా పెన్సిల్‌తో కొలిపించి చూడండి. ఒక్క సాయంత్రం చాలు, ఇంటికి వెళ్లి అందరి ముఖాలూ కొలుస్తారు. ఇది ముందు జరిగి, మెడ సాగదీయడం తరువాత వచ్చి ఉంటే ఆ తల్లికి మీ దగ్గర జవాబు ఉండేది.

ఇక అమ్మమ్మ.

ఆవిడను చాదస్తమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మన శిల్పులు విగ్రహమంతా చెక్కి, కన్ను తెరవడం చివరికి ఉంచుతారు. దానికి నేత్రోన్మీలనం అని పేరు, ముహూర్తం, ఒక తంతు ఉన్నాయి. కన్ను తెరిచేదాకా అది రాయి, తెరిచాక దేవుడు. జార్ఖండ్‌లో, సంతాల్ ఆదివాసులుండే సంతాల్ పరగణాల వైపు జాదూ పటువాలనే చిత్రకారుల ఆచారం ఇంకా దగ్గరగా ఉంటుంది. సంతాల్ ఇంట్లో ఎవరైనా చనిపోతే ఆ మనిషి బొమ్మ వేసి పట్టుకువెళ్లేవారు. ఒళ్లంతా వేసి కనుపాపలు మాత్రం వదిలేసేవారు. మీ మనిషి అవతలి లోకంలో చూపు లేక తడుముకుంటున్నాడని చెప్పేవారు. ఇంటివాళ్లు కానుక ఇచ్చాక వాళ్ల కళ్లెదుటే పాప దిద్దేవారు. చక్షుదానం అంటారు దాన్ని. ఆ పాప అమ్మమ్మ ఈ పేరు విని ఉండరు. అయినా పాపలేని కన్ను చూడగానే ఈ దేశంలో ఎన్నో ఊళ్ల జనం చదివినట్టే చదివారు. అందులోనూ, కంటికి కట్టు విప్పి రెండు నెలలు కాని మనిషి! రోజుకు నాలుగుసార్లు చుక్కలు వేయించుకుంటూ, చూపు నిలబడుతుందో లేదో అని లోలోపల భయపడుతూ ఉన్న ఆవిడ చేతిలో మనవరాలు కళ్లు లేని ముఖం పెట్టింది.

మోదిగ్లియాని కళ్లకు ఈ అర్థం లేదు. ఆయన దాదాపు 1909 నుంచి నాలుగైదేళ్లు రంగులు పక్కన పెట్టి రాయి చెక్కారు. అలా చెక్కిన తలలు పాతిక దాకా మిగిలాయి. ఆఫ్రికా ముసుగులు, ఈజిప్టు, కంబోడియా శిల్పాలు చూసి చూసి ఆ ముక్కులూ మెడలూ పట్టుకున్నారు. అప్పటికే దెబ్బతిన్న ఊపిరితిత్తులకు రాతిదుమ్ము పడక, 1914 ప్రాంతంలో ఉలి వదిలేసి మళ్లీ కుంచె పట్టారు. రాతితలలో కన్ను అంటే ఒక ఆకారం, ఒక గుంట. ఆ కళ్లే కాన్వాసు మీదికి వచ్చాయి. ఇది చెబితే పిల్లలకు చక్కగా అర్థమవుతుంది. తాగుడు కథ కంటే మంచి కథ కూడా.

ఇంకో మాట, కాస్త కటువుగానే అంటాను. "కళ్లలో పాపలు ఉండవు" అని బోర్డు మీద నియమంలా రాశారు చూడండి, ఆ నియమం ఆయనకు లేదు. కొన్ని బొమ్మల్లో కనుపాపలు నిక్షేపంగా ఉంటాయి. కొన్నిటిలో ఉండవు. కొన్నిటిలో ఒక కన్ను ఒకలా, రెండోది ఇంకోలా ఉంటుంది. ఎదురుగా కూర్చున్న మనిషిని బట్టి, ఆ రోజును బట్టి ఆయన తేల్చుకున్న విషయాన్ని మీరు పద్నాలుగు మందికి వంట కొలతలా ఇచ్చేశారు. ఏదైనా ఒక ప్రింటు దగ్గర నిలబడి, "ఈయన ఇక్కడ కనుపాప ఎందుకు వేశాడు, అక్కడ ఎందుకు మానేశాడు? మీ అమ్మమ్మకైతే ఏం చేస్తారు?" అని అడిగి ఉంటే, ఆ పాపే "మా అమ్మమ్మకు కంటి ఆపరేషన్ అయింది టీచర్" అని చెప్పి ఉండేదేమో.

కాబట్టి ఆ ఇంటికి వెళ్లండి. ఫోను సరిపోదు. ప్రింట్లు పట్టుకువెళ్లకండి, మోదిగ్లియాని పేరు ఎత్తకండి. "పాప తప్పేమీ లేదు, అలా వేయమని చెప్పింది నేను" అని పాప వింటూ ఉండగా అమ్మమ్మతో అనండి. పాప రాకపోవడానికి కారణం అమ్మమ్మ కోపమని మీరు అనుకుంటున్నారు. అమ్మమ్మను తానే ఏడిపించాననే దిగులు అయి ఉండవచ్చని నా అనుమానం.

బీరువా వెనక ఉన్న బొమ్మను ఏం చేయాలన్నది ఆ పాపకే వదలండి, దారులు మాత్రం చెప్పండి. దాన్ని అలాగే ఉంచేయవచ్చు. అప్పుడు బొమ్మకు ఏమీ కాదు గాని, ఇంట్లో ఆ బొమ్మ ఒక గాయంలా ఉండిపోతుంది. అమ్మమ్మ ముందు కూర్చుని కనుపాపలు దిద్దవచ్చు. పెద్దావిడకు ఎంత ఊరటో చెప్పలేను, చక్షుదానంలాగే ఉంటుంది. కాని ఎవరైనా ఏడిస్తే బొమ్మ మార్చేయాలి అన్న పాఠం కూడా పాప మనసులో పడవచ్చు. మూడోది, పాత బొమ్మ జోలికి పోకుండా, అమ్మమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని కొత్త బొమ్మ వేయవచ్చు. నాకు ఇది నచ్చుతుంది. కాని అమ్మమ్మ కూర్చోనంటే బలవంతపెట్టవద్దు. కొందరికి తమను అంతసేపు చూడడమే ఇబ్బంది.

ఇప్పుడు ఫోటో సంగతి. దాని గురించి మీరు ఉత్తరంలో ఒక్క మాట రాయలేదు, మురిపెంగా పంపారు. చూడగానే బాగుందనే అనిపించింది. పద్నాలుగు మెడలు, పద్నాలుగు వాలిన తలలు, కొల్లేటి కొంగల్లా బారులు తీరి ఉన్నాయి. కాసేపయ్యాక ఎవరు అమ్మ, ఎవరు పెదనాన్న అని వెతికాను. తెలియలేదు. పద్నాలుగు ఇళ్ల మనుషులు మీ గోడ మీదికి వచ్చేసరికి ఒకే ఇంటి అక్కచెల్లెళ్లయిపోయారు. ఆడామగా కూడా జుట్టును బట్టే పోల్చుకోవాలి.

మోదిగ్లియాని బొమ్మలు పద్నాలుగు వరసగా పెట్టి చూడండి, ఈ కష్టం ఉండదు. ఆయన వేసిన తోటి చిత్రకారుల్లో కిస్లింగ్ ముఖం గుండ్రంగా ఉంటుంది. సూటిన్ ముక్కు మొద్దు. ఆయన బొమ్మలు అమ్మిపెట్టిన జ్బొరోవ్‌స్కీని గడ్డం చూసి చెప్పవచ్చు. అన్నిటిలోనూ ఆయన చెయ్యి తెలుస్తూనే ఉంటుంది, కూర్చున్న మనిషి కూడా తెలుస్తూనే ఉంటాడు. ఎందుకంటే ఆ మనిషి కుర్చీలో ఎదురుగా ఉన్నాడు. మీ పిల్లల ఎదుట ఉన్నది మీ బోర్డు. ఫోటోలు తెచ్చుకున్నారు గాని, గుడ్డు గీశాక వాటితో వాళ్లకు పని పడలేదు. ఆయన మనుషులను చూశారు, పిల్లలు ఆయన్ను చూశారు. నా దృష్టిలో మీ పాఠంలో జారిపోయింది ఇదొక్కటే. నెమళ్లకు, తామరపువ్వులకు తిరిగి వెళ్లినా ఇది సర్దుకోదు. రెండు కొండలూ సూర్యుడూ కూడా ఇలాంటి వంట కొలతే కదా. మీరు దాని నుంచి బయటపడాలని బయలుదేరి, ఇంకాస్త ఖరీదైన కొలత దగ్గర ఆగారు.

అలాగని కొలత చెప్పడం పాపమేమీ కాదు. పిల్లల బొమ్మల గురించి జీవితమంతా పనిచేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఉపాధ్యాయుడు ఒక సంగతి గమనించారు. తొమ్మిదేళ్లు దాటేసరికి పిల్లలకు తమ బొమ్మ నిజంలా లేదని తెలియడం మొదలవుతుంది. నాకు బొమ్మలు రావు అనే మాట పుట్టేది అప్పుడే. మీ పిల్లలు సరిగ్గా ఆ గడప మీద ఉన్నారు. అలాంటప్పుడు, నిజంలా లేకపోయినా బాగుండే బొమ్మ ఒకటి ఉంటుందని చూపించడం వాళ్లకు గొప్ప ధైర్యం. ఆ ధైర్యం మీరు ఇచ్చారు, దాన్ని తక్కువ చేయను. నాలుగో వారం ఏమిటన్నది ప్రశ్న.

నేనైతే ఏం చేస్తానంటే, బోర్డు తుడిచేసి, ప్రింట్లు తీసేసి, ఒక మనిషిని తెచ్చి కుర్చీలో కూర్చోబెడతాను. మీ అత్తగారు, పాలు పోసే ఆయన, ఎవరైనా సరే. పది నిమిషాలు పెన్సిల్ ముట్టుకోనివ్వను, చూసి చెప్పమంటాను. ఈ ముఖంలో ముందు ఏది కనబడింది? ఆవిడ నవ్వితే ఏది మారింది? పక్కింటి అత్త ముక్కుకూ ఈ ముక్కుకూ తేడా ఏమిటి? తరువాత ప్రతి పిల్లా మూడు సంగతులు సొంతంగా తేల్చుకోవాలి. దేన్ని ఎక్కువ చేస్తాను, దేన్ని వదిలేస్తాను, దేన్ని ఉన్నదున్నట్టు ఉంచుతాను. ఎక్కువ చేసేది మెడే కానక్కర్లేదు. ఒకరికి చెవులు, ఒకరికి గడ్డం, ఒకరికి నుదుటి మీది గీతలు. అది అయ్యాక అప్పుడు మోదిగ్లియానిని మళ్లీ గోడకెక్కించి, "ఈయన ఏం తేల్చుకున్నాడో పట్టుకోండి" అంటే చూడండి, ఎంత చురుగ్గా పట్టుకుంటారో.

దీనికి ఒక నష్టం ఉంది, ముందే చెబుతున్నాను. బొమ్మలు మునుపటంత అందంగా రావు. కొన్ని వికారంగా కూడా వస్తాయి. గ్రూపులో చప్పట్లు తగ్గుతాయి, "పోయినసారే బాగుంది టీచర్" అంటారు. మీ బతుకుతెరువు ఆ చప్పట్ల మీద కూడా ఆధారపడి ఉందని నాకు తెలుసు. అందుకని అన్ని వారాలూ ఇలా నడపమనను. నెలలో ఒక వారం దీనికి ఇచ్చి, మిగతా వారాలు వాళ్లు అడిగినవి వేయించినా మంచిదే.

మీ రెండో ప్రశ్నకు, అంటే విదేశీయుడు వద్దనుకుంటే మనవాళ్లున్నారు. తోట వైకుంఠంగారు 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఆయన తెలంగాణ ఆడవాళ్లను చూడండి. నల్లని ఒళ్లు, నుదుటి నిండా బొట్టు, మెడ నిండా నగలు, కొట్టొచ్చే ఎరుపు. పిల్లలు చూడగానే మా నాయనమ్మ అంటారు, తల్లిదండ్రులూ సంతోషిస్తారు. కాని పెద్ద బొట్టు, ఎర్ర చీర, ముక్కుపుడక అని బోర్డు మీద వరసగా రాశారా, మళ్లీ పద్నాలుగు మంది అక్కచెల్లెళ్లు తయారవుతారు, ఈసారి బొట్టుతో. ఊరివాడైనంత మాత్రాన చిత్రకారుడు కొలత కాకుండా పోడు. నాకు ఆశ పుట్టించే దారి వేరే ఉంది. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి, ఒకే అత్తను రెండుసార్లు వేయించండి. ఒకసారి ఈయనలా, ఒకసారి ఆయనలా. ఒకరు సన్నబరుస్తారు, ఒకరు నిండుగా నింపుతారు. అత్త మాత్రం ఒకతే. మూడోసారి "నీలా వెయ్యి" అంటే ఏం వస్తుందో నాకూ చూడాలని ఉంది. వస్తే ఆ ఫోటో పంపండి.

ఇక మీరు సంతకం కింద రాసినది. ముఖ్యం కాదన్నారు. ఉత్తరమంతటిలో నన్ను ఆపింది అదే.

నా సంగతి ఒకటి చెబుతాను. ముప్పై ఏళ్లు ప్రభుత్వ బడుల్లో డ్రాయింగు మాస్టరుగా పనిచేశాను. ఉద్యోగం కొత్తలో సముద్రం పక్క ఊళ్లో, "మా నాన్న" అని బొమ్మ వేయమన్నాను. ఏడో తరగతి పిల్లవాడు ఒకడు తండ్రికి ఒక కాలు రెండో కాలికి రెండింతలు వేశాడు. నేను రబ్బరు తీసుకుని, అందరూ చూస్తుండగా, రెండు కాళ్లూ సమానం చేసి ఇచ్చాను. వాడు ఏమీ అనలేదు. నెల తరువాత ఏదో సంతకానికి వాళ్ల నాన్న బడికి వచ్చాడు. బోదకాలు. ఆ రోజుల్లో మా తీరప్రాంతంలో ఇంటింటా ఉన్న జబ్బే, నేను రోజూ దారిలో చూస్తున్నదే. వాడు చూసి వేశాడు, నేను చూడకుండా దిద్దాను. ఆ పిల్లవాడికి నేను క్షమాపణ చెప్పలేదు. ఆ రోజుల్లో మాస్టర్లు చెప్పేవారు కాదు. వాడు ఆ తరువాత నా క్లాసులో గ్లాసు, కూజా తప్ప ఏమీ వేయలేదు.

మీ తొమ్మిదేళ్ల బాబు మెడ సాగదీయనన్నాడంటే మొండితనం కావచ్చు. వాళ్ల నాన్నది పొట్టి మెడ కావచ్చు. నాన్నను మార్చడం ఇష్టం లేకపోయి ఉండవచ్చు. ఏదైనా, పద్నాలుగు మందిలో ఎదుటి మనిషిని చూసి వేసింది బహుశా అతనొక్కడే. ఏమీ జరగనట్టు ఊరుకోవచ్చు. పిల్లలు మరిచిపోతారంటారు, కొందరు మరిచిపోతారు కూడా. అతన్ని పొగిడి, బహుమతి ఏదైనా ఇచ్చి సర్దేయవచ్చు. కాని దేనికి పొగుడుతున్నారో అతనికి అర్థం కాదు. లేదా అందరి ముందు చెరిపారు కాబట్టి అందరి ముందే, "నీ బొమ్మ మీద నేను చెయ్యి వేసి ఉండకూడదు" అని ఒక్క వాక్యం చెప్పవచ్చు. ఇలా చెప్పడం వల్ల కొందరు పిల్లలు రేపటి నుంచి మీ ప్రతి సలహాకూ అడ్డం తిరగవచ్చు. కొన్నాళ్లు క్లాసు గోలగోలగా ఉంటుంది. తట్టుకోగలననుకుంటేనే చెప్పండి. ఇకమీదట దిద్దాలనిపిస్తే మాత్రం పక్కన వేరే కాగితం పెట్టుకుని దాని మీద గీసి చూపించండి. వాళ్ల కాగితం మీద మీ పెన్సిల్ వద్దు.

ప్రదర్శన మానుకోవద్దు. హాలు ఎలాగూ దొరికింది, రెండు నెలల వ్యవధి కూడా ఉంది. ఇప్పుడున్న బొమ్మలే పెడితే చూసినవాళ్లు మెచ్చుకుంటారు, మిమ్మల్ని మెచ్చుకుంటారు. పాతదీ కొత్తదీ జంటగా, ఒకే మనిషివి రెండు పెడితే కొందరు తికమకపడతారు, కొందరు నిలబడి చూస్తారు. ఏది పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో ఎవరి బొమ్మకు వాళ్లను అడగండి. బొమ్మలో ఉన్న పెద్దవాళ్లను కూడా అడగండి. అమ్మమ్మ వద్దంటే ఆ చోటు ఖాళీగా వదిలేయండి, దాని కింద సంజాయిషీ రాయవద్దు.

ఆ బాబుకు మాత్రం ఈ శనివారమే కొత్త డ్రాయింగు షీటు ఇవ్వండి. వీలైతే వాళ్ల నాన్నను ఒక అరగంట క్లాసుకు రమ్మనండి. షీటు కాస్త వెడల్పైనది చూడండి, మీసానికి చోటు చాలాలి.